గుండ్రంగా ఉన్నదంతా సున్న కాదు

నాకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. బీడీలు చుట్టే ఇంట్లో అంకెలు రాకపోతే కడుపు నిండదు. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. కార్డు మీద గుమాస్తా ఏం రాస్తున్నాడో కనిపెట్టకపోతే రెండు కట్టలు ఎగ్గొట్టేవాడు. బల్లకు అవతల అతను, ఇవతల నేను. అందుకని నా అంకెలన్నీ తలకిందులుగా నేర్చుకున్నవి. ఇప్పటికీ ఆరునో తొమ్మిదినో చూస్తే ఒక్క క్షణం ఆగి మెడ కొంచెం వంచుతాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అంకెలు వచ్చని నాకున్న ధీమా మా తమ్ముడి సంసారం మీదికి తెచ్చింది.

మా ఆయన రెండువేల తొమ్మిదిలో దుబాయ్ వెళ్లాడు. మా వైపు అబుధాబి అయినా దుబాయే, షార్జా అయినా దుబాయే. ఆయన ఉన్నది ముసఫ్ఫాలో, ఇనుప షెడ్లు నిలబెట్టే పనిలో. పన్నెండులో సెలవుకు రావాలి. రాలేదు. సెలవు ఇవ్వలేదని ఫోనులో చెప్పాడు. మా వాడకట్టంతా కంపెనీని తిట్టింది, నేనూ తిట్టాను. ఆ తర్వాత రెండు నెలలకే రూములో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పెట్టె వచ్చింది. దాని వెనక ఒక అట్టడబ్బా వచ్చింది. అందులో రెండు లుంగీలు, చేతి గడియారం, సగం మిగిలిన కొబ్బరినూనె సీసా, జేబులో పట్టే నోటుబుక్కు.

నోటుబుక్కు తెరిస్తే అన్నీ అంకెలే. వరుసకు ఆరంకెలు, పేజీకి నాలుగైదు వరుసలు. ఫోను నంబర్లనుకున్నాను. ఆయన చివరగా ఎవరితో మాట్లాడాలనుకున్నాడో అని సెల్లు దుకాణమాయన దగ్గరికి తీసుకెళ్లి కలపమన్నాను. ఆరంకెల ఫోను ఏ దేశంలో ఉంటుందమ్మా అని నవ్వాడు. సిగ్గుపడి తిరిగొచ్చాను. కానీ దాన్ని పారేయలేదు. ఆయన రాతలో నేను చదవగలిగింది ఆ అంకెలొక్కటే.

పదమూడులో నేనే దుబాయ్ వెళ్లాను. అబుధాబిలో ఒక అరబ్బుల ఇంట్లో పని. ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె కాళ్లు పట్టడం, మందులివ్వడం, వీల్ చైర్‌లో కూర్చోబెట్టి పెరట్లో తిప్పడం నా వంతు. అక్కడి ఇళ్లలో పనివాళ్లు ఇంటి పెద్దావిడను మామా అని పిలవాలి. మా తమ్ముడు అప్పటికే ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో డెంటర్, సొట్టలు పోయిన కారు రేకును కొట్టి నున్నగా చేస్తాడు. ఫోనులో నేను "మామా పిలుస్తుంది, పెడుతున్న" అంటే చాలు, పగలబడి నవ్వేవాడు.

"అక్కా, గా ముసలమ్మ నీకు ఏ వరుస మామనే? మీసాలున్నయా?"

"ఉన్నయి. నీ కంటె మంచిగున్నయి. పెట్టు ఫోను."

శుక్రవారం మధ్యాహ్నం నాకు సెలవు. బస్సెక్కి ముసఫ్ఫా పోయేదాన్ని. గ్యారేజీ ఆ రోజు మూత. షట్టర్ సగం ఎత్తి, పాత టైర్ల మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లం. మేమిద్దరం, ఇంకొకాయన. ఆయన అదే గ్యారేజీలో కార్లకు రంగు వేసేవాడు, మా జగిత్యాల వైపు పెద్దమనిషి. అందరూ కాకా అనేవారు, నేనూ అట్లాగే అన్నాను. మొదటి శుక్రవారమే తెలిసింది, కాక మా ఆయనతో మూడేళ్లు ఒకే రూములో ఉన్నాడని. నోటుబుక్కు తీసి చూపించాను.

"అయ్యో బిడ్డా, ఇది లాటరీ బుక్కు," అన్నాడు కాక. "విమానాలకాడ అమ్ముతరు చూడు, గా లాటరీ. నెల నెలా గెలిచిన నంబరు రాసుకునేటోడు. ఏ అంకె రాలేదో చూసుకునేటోడు. రాని అంకె మనకు బాకీ ఉన్నట్టే కాకా, ఇయ్యాల కాకుంటే రేపన్న తీరుస్తది అనేటోడు."

కాక ఆ రోజు ఇంకో సంగతి కూడా చెప్పాడు. అది తర్వాత చెబుతాను. అది విన్నాక నాలుగేళ్లు ఎవరికీ చెప్పకుండా నా దగ్గరే పెట్టుకున్నాను.

నోటుబుక్కులో చివర చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ చూస్తే నా చేతులు ఊరుకోలేదు. బీడీలు మానేసినప్పటి నుంచి నా చేతులకు అదే జబ్బు, ఊరికే ఉండవు. ఆ ఇంట్లోకి రోజూ అరబ్బీ పేపరు వచ్చేది. నెలకొకసారి అందులో ఎవరో ఒకాయన పెద్ద అట్టముక్క పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వే ఫొటో ఉండేది. ఆ అట్టముక్క మీద లాటరీ గెలిచిన నంబరు. అది నోటుబుక్కులోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

అరబ్బీ అంకెల తీరు వేరు. ముసలమ్మను అడిగాను. ఆమె పాత ఫోను మీటల మీద వేలు పెట్టి చూపించింది. రెండు, మూడు ఇలా ఉంటాయి. ఏడు అంటే కాళ్లు పైకెత్తిన మనిషి. ఎనిమిది అంటే ఆ మనిషే తిరగబడి నిలబడ్డాడు, మన గుడిసె కప్పులాగా. తెలియనివన్నీ అడిగాను. గుండ్రంగా ఉన్నదాన్ని మాత్రం అడగలేదు. అడగడానికేముంది? గుండ్రంగా ఉన్నది సున్న. గుమాస్తా బల్ల దగ్గర ఏళ్ల తరబడి చూసిన సున్న. మధ్య మధ్య ఒక చుక్క కనిపించేది. అది సిరా మరక అనుకున్నాను, లేకపోతే వాళ్ల వాక్యం ఆగే గుర్తు.

ఒకసారి కాక కళ్లజోడు ఎత్తి నోటుబుక్కు చూసి, "గీ నంబర్లల్ల కొన్నిటికి అయిదే అంకెలున్నయేంది బిడ్డా?" అన్నాడు.

"అచ్చేసినోళ్లు ఒక్కోటి మింగిండ్రు కాకా."

"మింగనీ. లాటరోళ్లు మనల్నే మింగుతరు, అంకెదేముంది."

నవ్వి ఊరుకున్నాం. అక్కడ ఆగి చూసి ఉంటే బాగుండేది.

అంకెలను లెక్కపెట్టమన్నది తమ్ముడు. ఏది ఎక్కువసార్లు వచ్చిందో దాన్ని పట్టుకుంటే చాలంటాడు. బావది పాత పద్ధతి, రానిదాని వెంట పడ్డాడు. వచ్చేదాని వెంట పడాలి, బస్సు వచ్చే స్టాపులోనే నిలబడాలి. మాట నిజమే కదా అనిపించింది. నేను బీడీల లెక్కనే లెక్కపెట్టాను, అంకె వచ్చినప్పుడల్లా ఒక గీత, ఇరవై అయిదు గీతలకు ఒక కట్ట. సున్నకు కట్ట నిండి పైన పది గీతలు పడ్డాయి. మిగతావి ఇరవై దాటడానికే ఆయాసపడుతున్నాయి. ఇంకొకటి చూసి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అయిదుకు ఎదురుగా ఒక్క గీత లేదు. మా ఆయన పేజీల్లో అయిదు ఉంది. నా చేతికి వచ్చాక ఒక్క నెల కూడా రాలేదు.

కాక గడ్డం గోక్కుని, "మీ ఆయన పోతూ పోతూ అయిదును తీస్కపోయిండు," అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. కానీ నాకు ఆ మాట లోపల దిగింది. మేం కలిసి ఉన్నది లెక్కపెడితే అయిదేళ్లు. ఆయన పోయింది అయిదో నెల. తుడుస్తూ, ఉతుకుతూ, ముసలమ్మ తల దువ్వుతూ అదే ఆలోచన. ఆయనేదో చెబుతున్నాడు, నాకు చదవడం రావట్లేదు.

తమ్ముడికి ఆయన పేజీల్లోనూ సున్న దొరికింది. మా ఆయన రాసిన వరుసలు చాలావరకు సున్నతో మొదలవుతాయి. లేకపోతే ఒకటి, రెండు. ఏడుతో మొదలైనది ఒక్కటీ లేదు, ఎందుకు లేదని ప్రతి శుక్రవారం వాదులాడుకునేవాళ్లం. "సూసినవా అక్కా, మొదట్లనే సున్న. బావకు కనవడలే, మనకు కనవడ్డది." ఇక గ్యారేజీకి వచ్చేవాళ్లు, పక్క వర్క్‌షాపు వాళ్లు, శుక్రవారం నన్ను చూడగానే "అక్కా, ఈ నెల ఏది?" అని అడగడం మొదలైంది. చదువు రాని ముండమోపిని అడిగి నంబరు కొంటున్నారంటే నాకు ఎలా ఉంటుంది? ఏం దాచను, బాగుండేది. పదిమంది కలిసి ఒక టికెట్టు కొనేవారు, సున్నలు ఎక్కువున్నది చూసి. ఎప్పుడూ తగల్లేదు. తగలకపోతే వచ్చే నెలకు సున్న ఇంకా గట్టిపడినట్టే అనేవాడు తమ్ముడు.

పదిహేడులో తమ్ముడికి సెలవు వచ్చింది. మూడేళ్ల తర్వాత. గ్యారేజీని నడిపే ముదీర్ సెలవు జీతం, విమానం ఖర్చు చేతికే ఇస్తాడు. వాడు ఆ శుక్రవారం టైరు మీద నుంచి లేవకుండా, నా వైపు చూడకుండా చెప్పాడు.

"పోత లేనక్కా. గా పైసలతోని రెండు టికెట్లు కొంట. పదిమందితోని కాదు, నేనొక్కన్నే. సున్నది మస్తు జోరుంది. ఇప్పుడు వదిలితె మల్ల దొరకది."

"సెలవు?"

"ఇంకో రెండేండ్లకు తీస్కుంట. గంతల ఏం మునుగుతది?"

ఏం మునుగుతుందో నాకు తెలుసు. రెండు రోజుల కిందట మరదలు ఫోను చేసింది. మూడేళ్లుగా ఆ పిల్ల ఎప్పుడు వస్తాడని అడిగేది, అలిగేది, ఏడ్చేది. ఈసారి అవేమీ లేవు. గొంతు చల్లగా ఉంది.

"వదినె, రాకుంటె రాకపోనియ్. నేనేం అడగ. బియ్యం ఎన్ని పొయ్యాల్నో ఒక్క మాట చెప్తె సాలు. ఇద్దరికా, ముగ్గురికా? ముగ్గురికి పోసి పోసి నాకు యాష్టకొచ్చింది. ఈసారి ఇద్దరికి పోసిన్నంటె మల్ల ఎన్నడు ముగ్గురికి పొయ్య."

అత్తకూ తనకూ రెండు. మూడోది మొగుడికి. ఆ పిల్ల మాట తప్పే రకం కాదు. ఏడ్చే ఆడది ఇంట్లో ఉంటుంది, ఏడుపు ఆపిన ఆడది గడప దాటడానికి చూస్తుంది. ఈ మాట తమ్ముడికి చెప్పాను. "గట్లనే అంటది తియ్యి," అన్నాడు.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. నేనే కదా వాడి చేతిలో సున్న పెట్టింది. తుడిచిన బండ మళ్లీ తుడిచాను. ముసలమ్మ మాత్రల డబ్బా మూడుసార్లు సర్దాను. "నీ చేతులకు చీమలు పట్టాయా?" అని అరబ్బీలో కసిరింది.

తర్వాతి శుక్రవారం గ్యారేజీకి వెళితే లోపల ఒక సౌదీ బండి ఉంది. దారిలో ఒంటెకు గుద్దుకుని ముందు భాగమంతా లోపలికి పోయి వచ్చింది. రంగు వేయడానికి కాక దాని నంబరు ప్లేటు విప్పి గోడకు ఆనించాడు. నేను చాయ్ గ్లాసు పట్టుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. సౌదీ ప్లేటు మీద నంబరు రెండుసార్లు ఉంటుంది. పైన అరబ్బీలో, కింద మామూలుగా. ఒకదాని కింద ఒకటి, జత జతగా.

పైన గుండ్రం. దాని కింద అయిదు.

పైన చుక్క. దాని కింద సున్న.

మెడ వంచి చూశాను. లేచి దగ్గరికి వెళ్లి చూశాను. గుడ్డతో తుడిచి చూశాను. గుండ్రం కింద అయిదే, చుక్క కింద సున్నే.

"కాకా, గిది తప్పు రాసిండ్రా?"

"సౌదోళ్లు వాళ్ల అంకెలు వాళ్లు తప్పు రాసుకుంటరా బిడ్డా?"

నాలుగేళ్లుగా నేను రాసిన సున్నలన్నీ అయిదులు. నేను మరకలనుకుని వదిలేసిన చుక్కలన్నీ సున్నలు. అయిదు ఎక్కడికీ పోలేదు. మా ఆయన దాన్ని తీసుకుపోలేదు. నెల నెలా వచ్చి నా ఎదురుగా కూర్చుంది, నేనే దానికి వేరే పేరు పెట్టి పిలిచాను. ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. ఆయన దగ్గర నుంచి ఏ కబురూ రావట్లేదని ఒక్కసారిగా తెలిసిపోయింది. అప్పుడు ఆయన రెండోసారి పోయినట్టయింది.

అయినా ఒకటి మంచిదే అనుకున్నాను. ఈ మాట చెబితే తమ్ముడు ఆగుతాడు. పిలిచి ప్లేటు చూపించాను, నోటుబుక్కు చూపించాను, నా గుడ్డితనం అంతా ఒప్పుకున్నాను. వాడు పేజీలు తిప్పాడు. ప్లేటు వైపు చూశాడు. మొహం వెలిగింది.

"అంటె జోరున్నది సున్న కాదు, అయిదన్నట్టు! మంచిగ చెప్పినవక్కా, లేకుంటె తప్పు టికెట్టు కొనేటోన్ని!"

చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. తప్పు దొరికితే నమ్మకం పోతుందనుకున్నాను. నమ్మకం పోలేదు, కుర్చీ మార్చుకుని కూర్చుంది.

అప్పుడు నాకు బీడీల కార్ఖానా గుర్తొచ్చింది. అక్కడ ఒక చెకింగు మేస్త్రి ఉండేవాడు. బుట్టలో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన నాలుగు బీడీలు తీసి, అందులో రెండు వదులుగా ఉంటే "మీ ఇంటోళ్ల చెయ్యే వదులు" అని బుట్టంతా తిప్పి పంపేవాడు. మర్నాడు అదే బుట్ట తీసుకెళితే, వేరే నాలుగు తగిలి "మంచిగున్నయి" అనేవాడు. బుట్ట అదే, చెయ్యి అదే. తగిలినవి వేరు. ఆ మనిషి మీద కోపంతో నేర్చుకున్న సంగతి అది.

"కాకా, పది నట్లు ఇయ్యి. అన్ని ఒక్క తీరుగ ఉండాలె," అన్నాను.

గ్యారేజీలో నట్లకు కరువా? కాక చక్రాల నట్లు పది ఏరి, సన్న కుంచెతో తెల్ల రంగు వేసి ఒక్కోదాని మీద ఒక్కో అంకె రాశాడు. ఆరు, తొమ్మిది దగ్గర ఆగి, "గీ రెండు నువ్వు తలకిందులు చదువుతవు," అని వాటి కింద గీతలు గీశాడు. రంగు ఆరాక వాటిని ఖాళీ రంగు డబ్బాలో వేశాను. తమ్ముడిని కళ్లు మూసుకుని తీయమన్నాను. తీసినది చూడడం, గీత గీయడం, మళ్లీ డబ్బాలో వేసి ఊపడం. నలభైసార్లు. కాక చూసి చెబుతున్నాడు, నేను గోడ మీద సుద్దతో గీస్తున్నాను. ఆరు ఎనిమిదిసార్లు వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ.

"ఆరుకు జోరుందా?" అన్నాను.

"ఉంది మరి," అన్నాడు తమ్ముడు.

"మల్ల తియ్యి."

మళ్లీ నలభై. ఆరు ఒక్కటే ఒక్కసారి వచ్చింది. ఈసారి మూడు పైకి ఎగబాకింది.

"ఆరుకు అలుపొచ్చింది, నాష్టా చేస్తుంది," అన్నాడు కాక.

"మల్ల తియ్యి."

"సెయ్యి గుంజుతుందక్కా!"

"రెండేండ్లు ఆగుతా అంటివి, నలభైసార్లకే సెయ్యి గుంజుతుందా? తియ్యి."

మూడోసారి మూడు వెనక్కిపోయింది, సున్న, ఎనిమిది సమంగా నిలబడ్డాయి. గోడ మీద మూడు వరుసల గీతలు. ప్రతి వరుసకూ ఒక రాజు ఉన్నాడు, ప్రతి వరుసకూ రాజు మారాడు. పందెంలో ఎవరో ఒకరు ముందుంటారు. ముందున్నారు కాబట్టి రేపు కూడా ముందుంటారని ఎవరు చెప్పారు? నోటుబుక్కు కూడా తిరగేశాం. మా ఆయన మొదటి పేజీల్లో మూడు జోరు. తర్వాతి పేజీల్లో తొమ్మిది. నా పేజీల్లో అయిదు. నా పేజీలు ఇంకో నాలుగేళ్లు సాగితే ఇంకోటి.

"తమ్మీ, పోయినసారి నేను వచ్చిన్నని నట్టుకు యాది ఉంటదా?" అన్నాను.

వాడు లేచాడు. సుత్తి తీసి సౌదీ బండి రేకు మీద మెల్లగా తట్టాడు.

"రేకుకు యాది ఉంటదక్కా. నువ్వు సూడలే. సొట్ట పడ్డ రేకును కింద నుంచి సదురుకుంట కొడుతుంటె ఒక కాడికొచ్చినంక అదే టప్పున పాత రూపుకు వస్తది. ఇనుముకు యాది లేదనకు. నట్టు ఇనుము కాదా?"

కాక వైపు చూశాను. కాక కుంచె కడుగుతూ తల ఎత్తకుండా అన్నాడు.

"రేకును ఒంటె గుద్దింది కాబట్టి యాది ఉన్నది. నట్టును ఎవడు గుద్దిండ్రా?"

తమ్ముడు సుత్తి పక్కన పెట్టాడు. కానీ లొంగలేదు. "ఒక్కసారి అక్కా. ఒక్కసారి సూసి ఇడిసిపెడ్త," అన్నాడు, చిన్నపిల్లవాడిలా. అప్పుడు నాలుగేళ్లు దాచిన మాట బయటికి వచ్చింది.

"మీ బావకు సెలవు ఇయ్యలేదనుకున్నవా?"

"ఇయ్యలే గద. కంపెనోడు..."

"ఇచ్చిండ్రు. పైసలు సుత ఇచ్చిండ్రు. ఎనిమిది బాకీ ఉన్నది, ఈ రెండు నెలల్ల వస్తదని నీ బావనే ఆగిండు. కాక అద్దన్నడు. ఇంటడా? ఒక్కసారి సూసి పోత అన్నడు. నువ్వు ఇప్పుడన్న మాటే."

షట్టర్ కింద నుంచి ఎండ లోపలికి పడుతోంది. కాక కుంచె కడగడం ఆపేశాడు. తమ్ముడు కాకను చూశాడు, కాక తల ఊపాడు.

"ఎనిమిది వచ్చిందా మరి?" అన్నాడు తమ్ముడు.

"వచ్చింది. నీ బావ పోయినంక నెలకు వచ్చింది, కాకనే సూసిండు. ఒక్క నంబర్ల మూడుసార్లు వచ్చింది. దానికి నీ బావ యాదికున్నడా?"

వాడు లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. నన్ను బస్సు దాకా దిగబెట్టలేదు.

ఆ తర్వాత వారం నేను ఎలా గడిపానో నాకే తెలియదు. ఫోను చేస్తే ఎత్తడు. తప్పు చెప్పానా, ఆలస్యంగా చెప్పానా? నోటుబుక్కు ముందు పెట్టుకుని దిద్దడం మొదలుపెట్టాను. నా పేజీల్లో ఒక్కో సున్నకు పైన తోక తగిలించి అయిదు చేశాను. అయిదులు దిద్దడం కుదిరింది. సున్నలు కుదరలేదు. వదిలేసిన చుక్కలు ఏ నంబరులో ఏ అంకె పక్కన ఉన్నాయో ఇప్పుడెవరు చెబుతారు? ఆ పేపర్లన్నీ చెత్తబండిలో ఎప్పుడో పోయాయి. అవి బొట్టంత చుక్కలు. మా ఆయన పోయినప్పటి నుంచి నా మొహాన బొట్టు లేదు, చుక్క కనిపిస్తే చూపు పక్కకు తిప్పుకోవడం అలవాటైపోయింది. కాగితం మీది చుక్కను కూడా అట్లాగే దాటవేశానేమో. ఆ పేజీలు అట్లాగే ఒంటి కాలితో ఉన్నాయి, ఇప్పటికీ.

బుధవారం పొద్దున ముసలమ్మను పెరట్లో తిప్పుతుంటే ఫోను మోగింది. తమ్ముడు. వెనక పెద్ద హాలు చప్పుడు, మైకులో ఎవరో పిలుస్తున్న చప్పుడు. విమానాశ్రయం. లాటరీ టికెట్లు అమ్మేది అక్కడే. వీల్ చైర్ ఆపేశాను.

"అక్కా, నేను గాడ కౌంటర్ కాడికి వచ్చిన."

"కొన్నవా?"

"ఇను ముందు. కౌంటర్ల మలయాళపాయన ఉన్నడు. ఏడుతోని మొదలయ్యే టికెట్టు ఇయ్యమన్న."

"ఏడెందుకురా? అయిదు అంటివి గద!"

"బావ పేజీల్ల ఏడుతోని ఒక్కటి సుత మొదలు కాలే గద, ఎందుకు కాలేదో అడుగుదామని. ఆయన పడి పడి నవ్విండు. ఏడు లక్షల టికెట్లు ఎవడు కొంటడు భాయ్, టికెట్లు ఒకటి నుంచి మొదలైతయి, ఎన్ని అమ్ముడుపోతె గాన్నే ఆగుతయి, ఏడుదాక ఎన్నడు రావు అన్నడు. అందుకే మొదట్ల సున్న, ఒకటి, రెండు. జోరు లేదు, గీరు లేదు. టికెట్లే గన్ని ఉంటయి. లేని ఏడు ఎందుకు వస్తలేదని ఇన్నొద్దులు కొట్లాడినమక్కా మనం."

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ముసలమ్మ వీల్ చైర్‌లోంచి తిరిగి చూసి, యల్లా, తోయి అని చేత్తో సైగ చేసింది. నేను తోయలేదు.

"కొన్నవా లేదా చెప్పు."

"కొన్న."

వీల్ చైర్ పిడి గట్టిగా పట్టుకున్నాను.

"ఎగిరేది కొన్న. పక్కనే ఇంకో కౌంటర్ ఉంది. ఎల్లుండికి. ఇంకోదానికి పైసల్ లేవు, ఖలాస్."

"నువ్వు చెప్పినవా మరదలికి?"

"నువ్వు చెప్పక్కా. నాకు బయమైతుంది."

అప్పుడే మరదలికి కలిపాను. ఎత్తింది. "ఏంది వదినె?" అంది, అదే చల్లటి గొంతు. పొయ్యి దగ్గరే ఉన్నట్టుంది, గిన్నె చప్పుడు వినిపిస్తోంది.

"ఎల్లుండికి బియ్యం ముగ్గురికి పొయ్యి పిల్లా," అన్నాను.

అవతల గిన్నెలో నీళ్లు పోస్తున్న చప్పుడు.

"ఎల్లుండికి కాదు వదినె," అంది. "అన్నం ఎక్కువైతె ఎక్కువాయె, ఇయ్యాల్నే పోస్త."